లింగం మోచెయ్యి

నవంబరు 7, శుక్రవారం

రెండేళ్ళపాటు నో బాల్, నో బాల్ అని అరిచినవాళ్ళే ఇవాళ లింగానికి లడ్డూలు తినిపించారు. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో, వర్క్‌షాపుల వెనక మట్టి గ్రౌండులో. ఇక్కడ సెలవు శుక్రవారమే కదా, చర్చి నుంచి వస్తూ ఆగాం. నేను ఆగలేదు, సుధాకర్ కారు ఆపాడు. ఆట కనిపిస్తే నా మొగుడి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

లింగం జగిత్యాల వైపు మనిషి. పరంజా కట్టే పని. శుక్రవారం క్రికెట్‌లో మోచెయ్యి వంచి విసురుతున్నాడని బౌలింగు మాన్పించారు. ఇప్పుడు అదే మోచెయ్యికి ఉద్యోగం. బేస్‌బాల్! గల్ఫ్ ఊళ్ళ పేర్లతో నాలుగు టీములు, అందులో మస్కట్‌దొకటి. అక్కడ మోచెయ్యి వంచి విసరడమే విద్య. ఆ విసిరేవాణ్ణి పిచర్ అంటారట. లింగం కంపెనీ యజమానికి టీములో వాటా ఉంది, సీజన్ అయ్యేదాకా మనిషిని అరువిచ్చాడు — క్రేన్‌ని ఇచ్చినట్టు. ఆట ఉన్న రోజు గ్రౌండు, లేని రోజు సైట్. జీతం పాతదే.

"అక్క, గా అంపైర్ మొకం జూసినవా? లడ్డు వెట్టేటప్పుడు నా కండ్లల్లకు జూస్తలేడు."

"కాంట్రాక్టు చదివావా?" అన్నాను.

"ఒక్క లడ్డూ తిననియ్యవే తల్లీ వాణ్ణి," సుధాకర్.

కారెక్కాం. ప్రసంగంలో పాస్టర్‌గారు దేవుడిచ్చిన తలాంతుల గురించే చెప్పారు. తలాంతుకి యజమాని ఎవరని అడగబోయాను... అడగలేదు. ఈమధ్య అన్నీ సగంలో ఆగిపోతున్నాయి.

నవంబరు 9

నేను వ్యాసాలు రాసే పత్రిక సంపాదకుడు: "బేస్‌బాలా మేడమ్? మన పాఠకులకి కబడ్డీ మీద రాయండి."

నవంబరు 12, బుధవారం

ఓపీ. మోకాళ్ళు, నడుములు, మోకాళ్ళు. తెలుగువాడు వస్తే డాక్టర్ ఇద్రీస్ నన్నే కేకేస్తాడు — "సిస్టర్ కరుణా, ఏమంటున్నాడు?" సూడాన్ మనిషి, మంచివాడు. వాళ్ళ నొప్పి నా నోట్లోంచే ఇంగ్లీషులోకి పోవాలి. పన్నెండేళ్ళుగా పోతోంది.

సాయంత్రం లింగం వచ్చాడు, సుధాకర్‌తో కబుర్లకి. టీము విశేషాలు. డబ్బంతా ఇద్దరు విదేశీయుల మీదే పోశారట — ఒక పిచర్, ఒక బ్యాటర్. పిచర్ పేరు రమోన్, కరేబియన్ దీవులవాడు. మిగతా టీమంతా అరువు మనుషులే. పక్క నగరం టీము ఇంకా ఎక్కువ పోసింది, ఎనిమిది మంది విదేశీయులు. వాళ్ళ చేతిలో మనవాళ్ళు చిత్తుగా ఓడారు.

"గా దినం నేను దిగినంక మల్ల ఒక్క రన్ను గూడ పోలేదక్క. రమోన్ అన్న నా భుజం మీద కొట్టిండు."

వాడు చెబుతుంటే ముఖం వెలిగిపోతోంది. నేను లోపల వ్యాసం రాసుకుంటున్నాను — ఎవడు ఎక్కువ పోస్తే వాడు గెలిచేది ఆట కాదు, వేలం. వేలం అయిపోయాక పాట పాడిన సొమ్ము చూపించుకోవడానికి పెట్టే ఊరేగింపు... వాక్యం బాగానే ఉంది. ఇదే వాక్యం ప్రైవేటు ఆసుపత్రుల మీదా రాశాను, కోచింగ్ కాలేజీల మీదా రాశాను. పేర్లు మారుస్తున్నాను, అంతే.

నవంబరు 16, ఆదివారం

షెడ్యూల్ మారింది. వారానికి రెండు ఆటలన్నవి ఐదయ్యాయి. అవతలి నగరంలో గ్రౌండు తయారు కాలేదట, అక్కడ జరగాల్సినవన్నీ ఇక్కడే. శుక్రవారం రెండు ఆటలు — ఒకటి మిట్టమధ్యాహ్నం. ఎండ తగ్గింది కదా అంటారు. ఎవరికి తగ్గింది?

లింగం సంబరం. "సైట్ దప్పిందక్క! వారానికి రెండొద్దులే సైటు!"

పిచర్ చెయ్యి రోజూ విసరడానికి కాదు. నాకీ ఆట తెలియదు, మోచెయ్యి తెలుసు. లోపలి వైపు ఒక పట్టీ లాంటి నరం — మనవాళ్ళ భాషలో నరమే — విసిరిన ప్రతిసారీ సాగుతుంది. మళ్ళీ బిగుసుకోవడానికి రోజులు కావాలి. ఆ రోజులు రమోన్ కాంట్రాక్టులో రాసి ఉన్నాయి: ఇన్ని బంతులు వేస్తే ఇన్ని రోజుల విశ్రాంతి. మీరితే ఏజెంటు కేసు వేస్తాడు. లింగానికి కాంట్రాక్టే లేదు, అరువు కాగితం ఉంది. దాంట్లో మనిషి పేరు, వెనక్కిచ్చే తేదీ.

ఆటలు పెరిగాయి. రమోన్ బంతులు పెరగవు. మిగిలినవి ఎవరు వేస్తారు?

నవంబరు 18

లింగం నిన్న వేశాడు. ఇవాళా వేస్తున్నాడు. సుధాకర్ ఫోన్లో స్కోరు చూసి చప్పట్లు కొట్టాడు. పడక్కుర్చీలోంచి లేచి మరీ కొట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నవంబరు 20, గురువారం

జాతీయ దినం సెలవు. రోడ్డంతా జెండాలు, లైట్లు. గ్రౌండుకి వెళ్ళాను. ఆట చూడ్డానికి కాదు, పోట్లాడ్డానికి. సుధాకర్ డ్రైవరు, రాయబారి, ప్రేక్షకుడు.

టీమ్ మేనేజర్ ఖన్నా. సన్నగా, నిద్రలేని కళ్ళతో, చేతిలో రెండు ఫోన్లు.

"మేడమ్ జీ, మీరు లింగం సిస్టరా?"

"సిస్టర్‌నే. ఆసుపత్రి సిస్టర్‌ని."

"అతనే అడిగి మరీ వేస్తున్నాడు. మేం బలవంతం చెయ్యలేదు."

"ఆకలేసినవాడు అడిగి మరీ ఓవర్‌టైమ్ చేస్తాడు. అది బలవంతం కాదా?"

"మేడమ్, టీవీవాళ్ళకి రోజులు ముందే అమ్మేశారు. ఆడకపోతే లీగే ఉండదు. లీగ్ లేకపోతే మీ లింగం ఎక్కడ?"

"లీగ్ లేకపోతే మా లింగానికి చెయ్యి ఉంటుంది."

బాగా పడిందనుకున్నాను. ఖన్నా కోప్పడలేదు. పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి — ఇంకో ఇద్దరు పిచర్లు కావాలని యజమానికి మూడుసార్లు మెయిల్ పెట్టాడట. డబ్బంతా ఆ ఇద్దరు విదేశీయులకే అయిపోయింది, ఉన్నవాళ్ళతో సర్దుకోమన్నారట. "నా వీసా కూడా ఆయన దగ్గరే మేడమ్."

తిట్టడానికి వెళ్ళినచోట తిట్టాల్సినవాడు ఎప్పుడూ ఉండడు. ఇలాంటివాడొకడు ఉంటాడు.

వెనక్కి తిరిగేసరికి లింగం గ్రౌండు మధ్య పిచర్ దిబ్బ మీద నిలబడి ఉన్నాడు. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎడమకాలు ఎత్తి, ఒంటిని వెనక్కి తిప్పి, ఒక్కసారి వదిలాడు. అవతలివాడి బ్యాటు గాలిని కొట్టింది. అలాంటివే ఇంకో రెండు — మూడు తప్పితే అవుటట. అవతలివాడు బ్యాటు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. స్టాండులో మన కుర్రాళ్ళు — లేబర్ క్యాంపునుంచి బస్సేసుకుని వచ్చారు — "లింగన్నా! లింగన్నా!"

సుధాకర్ నావైపు చూడకుండా: "ఇది కూడా రాయి మరి."

నవంబరు 21

రాయలేదు.

నవంబరు 23, ఆదివారం

డ్యూటీ దిగేవేళకి లింగం ఓపీ గుమ్మంలో. యూనిఫాం మీద సున్నం. అంటే సైట్ నుంచి.

"ఏం లేదక్క. జెర సుయ్యిమంటుంది."

ఎక్కడ? మోచేతి లోపలి వైపు. చిటికెన వేలు తిమ్మిరి. ఎన్నాళ్ళనుంచి? నవ్వు. శుక్రవారం రెండో ఆటలో మొదలైందట, "టప్పుమన్నది, మల్ల ఊకున్నది." రూములో ఏం చేశారు? కొబ్బరినూనెలో కర్పూరం కాచి రుద్దారు. వేడి కాపడం పెట్టారు. ఒకడు లాగాడు కూడా — ఊళ్ళో వాళ్ళ నాయనకి బెణుకులు లాగడం వచ్చట.

"లాగాడా? ఎవడు వాడు? వాణ్ణి పిలువు!"

"అక్క, గింత లొల్లి ఎందుకే. నెనరుతోటి చేసిండు."

అక్కడే కూర్చోబెట్టి ఐసు కట్టాను. రమోన్ కూడా తన ఐసు తొడుగు ఇచ్చాడట. తన మోచెయ్యి చూపించాడట — ఇంత పొడుగు కోత మచ్చ.

"ఆయనకు కోసి కుట్టినంకనే ఇంకింత స్పీడు పెరిగిందట. నాకు గూడ గట్లనే జేస్తే..."

వాడి కళ్ళలో ఆశ! మచ్చని చూసి ఆశపడే మనిషిని మొదటిసారి చూశాను. వాడికి చెప్పాను: రమోన్‌కి కుట్టాక ఏడాదిపైన కూర్చోబెట్టి తిండి పెట్టారు, మందు పెట్టారు, పక్కన ఒకణ్ణి పెట్టి వేలు కదపడం నేర్పారు. అతని చెయ్యి వాళ్ళ పెట్టుబడి. నీది అరువు. కుట్టాక నిన్ను ఎవరు కూర్చోబెడతారు? పరంజా మీద ఇనప గొట్టం ఎత్తలేని చేతికి ఏ కంపెనీ వీసా కొట్టిస్తుంది?

తల వంచుకుని విన్నాడు. నేను గెలిచాను. వాడి చేతికి ఐసు కరిగి నీళ్ళు కారుతున్నాయి.

నవంబరు 25

ఖన్నాకి ఫోన్: చెయ్యి కంపెనీది. కంపెనీ సూపర్‌వైజర్‌కి ఫోన్: ఆట టీముది. చెయ్యి ఎవరిదో తేలలేదు. వైద్యం ఖర్చు మాత్రం ఎవరిదీ కాదని తేలింది.

సంపాదకుడు తిరిగి ఫోన్. ఇప్పుడు ఆసక్తి. ఎవరో చెప్పారట మన తెలంగాణ కుర్రాడని. "ఫోటో పంపండి మేడమ్. పేరు, ఊరు, కంపెనీ, అన్నీ వేద్దాం. గట్టిగా రాయండి, మీ స్టైల్లో."

నా స్టైల్! పేరు పడిన మర్నాడే కంపెనీ వాణ్ణి విమానం ఎక్కిస్తుంది. నా వ్యాసం కింద నలుగురు లైకులు కొడతారు. సగం రాసి ఉన్నది తీసి చదువుకున్నాను. బాగుంది. అంత బాగున్నందుకే విసుగొచ్చింది.

నవంబరు 26

సుధాకర్: "నువ్వు ఎవరి తరఫున పోట్లాడుతున్నావో వాణ్ణి ఒక్కసారి అడిగావా?"

"అడగడానికేముంది?"

"అదే."

అన్నం సగంలో లేచాను. తర్వాత ఆకలేసి తిన్నాను.

నవంబరు 28, శుక్రవారం

అడిగాను. అడిగినందుకు అనుభవిస్తున్నాను.

లింగం మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఈవారం విసరలేదు, ఫీల్డులో నిలబెట్టారు. తాడుతో కొలిచినట్టు మాట్లాడాడు, ముందే అనుకుని వచ్చాడు.

"సైట్ల వడ్డ అని చెప్తనక్క. మా గ్యాంగుల ఇద్దరు చూసినమంటరు. సైట్ల దెబ్బ తాకితే ఇన్సూరెన్సుది. ఆపరేషన్, రెస్టు, అన్ని కంపెనీయే జూసుకుంటది. ఆటల అయిందంటే ఎవ్వలకు సంబంధం లేదు."

"డాక్టర్ అడుగుతాడు."

"అడిగితే నేను తెలుగుల చెప్త. నువ్వు ఇంగ్లీషుల చెప్పు."

 పన్నెండేళ్ళుగా ఆ ఓపీలో నేను పోట్లాడింది ఒకే ఒక్క విషయం మీద. నాలుగో అంతస్తునుంచి పడ్డవాణ్ణి తెచ్చి పక్కన సూపర్‌వైజర్ నిలబడి "రూములో జారి పడ్డాడు" అంటాడు. పేషెంటు కూడా అదే అంటాడు, భయంతో. నేను వాణ్ణి బయటికి తీసుకెళ్ళి, నిజం చెప్పించి, డాక్టర్‌తో నిజమే రాయించేదాన్ని. సైట్‌లో పడ్డాడు, సైట్‌లో. డాక్టర్ ఇద్రీస్ నా మాట నమ్మేది అందుకే. ఇప్పుడు లింగం అదే అబద్ధాన్ని తిరగేసి తెచ్చి నా చేతిలో పెడుతున్నాడు.

అరిచాను. ఒక్కటి దొరికితే చాలు, రేపటినుంచి నిజంగా పడ్డ ప్రతివాణ్ణీ దొంగ అంటారు అన్నాను. నీ ఒక్కడి గురించి కాదు ఇది అన్నాను. నిజంగా దోషం టీముది, టీము మీద పోరాడదాం అన్నాను.

"ఎన్నొద్దులు వడ్తది అక్క, పోరాటం?"

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"నువ్వు అందరి ముచ్చట చెప్తవు. నాది ఒక్క చెయ్యే గద."

సుధాకర్ పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టి తెచ్చాడు. ఎవరూ ముట్టుకోలేదు.

డిసెంబరు 1, సోమవారం

ప్రార్థన చెయ్యబోయాను. ఏమని?

డిసెంబరు 2, మంగళవారం

డాక్టర్ చూశాడు. మోచెయ్యి పక్కకి నొక్కినప్పుడు లింగం పళ్ళు బిగించాడు, మూలగలేదు. నరం చినిగిందేమో, సగమా, మొత్తమా, స్కాన్‌లో తెలుస్తుందన్నాడు. ఆదివారం స్కాన్, అదే రోజు రిపోర్టు, అప్పుడు నిర్ణయం. అప్పటిదాకా చెయ్యి కదపకూడదు. విసిరితే ఉన్నది కూడా పోతుంది.

"ఎలా అయింది, సిస్టర్?"

లింగం నావైపు. డాక్టర్ నావైపు. నా నోరు ఇంగ్లీషులో ఏమందంటే — ఇంకా పూర్తిగా అడగలేదు, ఆదివారం అడిగి చెబుతాను.

అబద్ధం కాదు. నిజమూ కాదు. అలాంటిదొకటి నా నోట రావడం, అంత తేలిగ్గా రావడం...

డిసెంబరు 4, గురువారం

షెడ్యూల్ మళ్ళీ మారింది. ఫైనల్ పన్నెండో తేదీ శుక్రవారం కదా — ఎల్లుండికి, శనివారానికి తెచ్చారు. ఎందుకట? విదేశీ ఆటగాళ్ళ కాంట్రాక్టులు ఆదివారంతో అయిపోతాయి. ఇంకో వారం ఉంచితే ఇంకో వారం డబ్బు. సీజన్ మొదట్లో కళ్ళు మూసుకుని పోసినవాళ్ళు చివర్లో వారం దగ్గర పిసినారులయ్యారు. నాలుగు టీములూ కూర్చుని సరే అనుకున్నాయి.

రమోన్ ఇవాళ సెమీఫైనల్లో వేశాడు, గెలిపించాడు. కాంట్రాక్టు ప్రకారం శనివారం వెయ్యడు. మరి శనివారం వేసేదెవరు?

డబ్బు ఖర్చు పెట్టినప్పుడు వీడి చేతి మీద పడింది. ఖర్చు తగ్గించుకున్నప్పుడూ వీడి చేతి మీదే పడింది. ఈ వాక్యం ఎక్కడికీ పంపను.

డిసెంబరు 5, శుక్రవారం

ఖన్నా లింగానికి ఫోన్ చేశాడట. రెండే ఇన్నింగ్స్, అంతే. వెయ్యనంటే శనివారం రాత్రే కంపెనీకి అప్పగింత, పనికిరాని మనిషిగా. వేస్తే వచ్చే సీజన్‌కి సొంత కాంట్రాక్టు, నోటిమాట.

నోటిమాట!

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను, సుధాకర్ నమ్మినట్టు నటించాడు.

డిసెంబరు 6, శనివారం, సాయంత్రం

అరగంట కింద లింగం వచ్చాడు. టీము జెర్సీ సంచిలో ఉంది, ఇంకా వేసుకోలేదు. ఆరింటికి బస్సు. ఈసారి కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"అక్క, లెక్క గిట్లుంది. ఇయ్యాల టీవీల అందరు చూడంగ విసిరినంక, రేపు పొయ్యి సైట్ల వడ్డ అంటే ఎవ్వలు నమ్మరు. ఇయ్యాల వేస్తే ఇన్సూరెన్సు పోయినట్టే. వెయ్యకుంటే టీము పోయినట్టే. రెండిట్ల ఒకటి ఉండాలె గద నాకు."

"స్కాన్ అయ్యేదాకా వెయ్యకూడదన్నాడు కదా డాక్టరు. వెయ్యకు."

"వెయ్య. నువ్వు రేపు డాక్టర్‌కు సైట్ అని చెప్తనని అను, ఇయ్యాల బస్సు ఎక్క. గాయింత మాటియ్యి."

"ఇవ్వకపోతే?"

"ఇయ్యకుంటే నాకు మిగిలింది ఆటనే. పొయ్యి వేస్త. పోతే పోతది."

బెదిరింపు కాదు. అంత మెల్లగా ఎవరూ బెదిరించరు. నేను ఎప్పట్లాగే మొదలుపెట్టాను — మూడో దారి ఉంటుంది, ఎంబసీ ఉంది, లేబర్ ఆఫీసు ఉంది, ఖన్నా పెట్టిన మెయిళ్ళు సంపాదిస్తే... చెబుతూ చెబుతూ నా గొంతు నాకే వినిపించింది. అవన్నీ నిజాలే. ఒక్కటీ ఆరింటిలోపు జరిగేది కాదు. వాడు ఓపిగ్గా విన్నాడు, సభలో ముందు వరసలో కూర్చున్నవాడిలా.

"ఆలోచించుకోనీ," అన్నాను. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఇది రాస్తున్నాను.

రేపు తొమ్మిదింటికి డాక్టర్ ఇద్రీస్ అడుగుతాడు. సైట్ అంటే రాసుకుంటాడు, రెండో ప్రశ్న వెయ్యడు. నా మాట కదా.

ఆ తర్వాత వచ్చేవాడు, నిజంగా పడి వచ్చేవాడు — వాడి ముఖం కూడా ఊహించుకోవడానికి ప్రయత్నించాను. రావడం లేదు. లింగం ముఖమే వస్తోంది.

హాల్లో సుధాకర్ టీ ఇచ్చినట్టున్నాడు, గ్లాసుల చప్పుడు. ఇవాళ టీవీలో ఆట పెట్టలేదు.  తలుపు సందులోంచి లింగం కనిపిస్తున్నాడు, ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, చివరికి కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో, నిద్రపోతున్న పిల్లని పెట్టుకున్నట్టు.

ఐదూ నలభై.

సుధాకర్ పిలిచాడు. "కరుణా, కుర్రాడు వెళ్ళాలంటున్నాడు."

లేచి వెళ్ళి ఏదో ఒకటి అనాలి —